గ్రహణం మొర్రి: పేరులోనే ఉన్న బగ్గు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డని మనం "గ్రహణం మొర్రి" అంటాం. సమస్య పేరులోనే కారణం కూడా రాసి పారేసిన భాష మనది. పనిలో పనిగా తల్లి మీద కూడా కేసు పెట్టేసింది. గ్రహణం పూట బయటికొచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో.

అసలు గ్రహణం మా పాలమూరు మీదికి ఒకసారి గట్టిగానే వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కర్ణాటక తీరం దాటి, రాయచూరు మీదుగా వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ దాని దారిలోనే. మధ్యాహ్నం మూడున్నర దాటాక రెండు నిమిషాల పైచిలుకు చీకటి. ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులతో హడావిడిగా ఉంటే, మిగతా జనం తలుపులు బిగించుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళని కదలకుండా పడుకోబెట్టడం సరేసరి.

ఇక్కడే లెక్క తప్పింది. పిండానికి పై పెదవి ఏర్పడేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. అంగిలి దాదాపు తొమ్మిదో వారానికల్లా అతుక్కుంటుంది. అంటే కడుపు పైకి కనిపించే పాటికే ఆ పని అయిపోయి ఉంటుంది! ఆరో నెల ఆమెని గదిలో పెట్టి కాపాడేది ఏమీ లేదు. ఐదో వారంలో ఉన్నామెకి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలీదు, ఆమెని ఎవరూ ఆపి ఉండరు. గ్రహణం ఆమెనీ ఏం చెయ్యలేదనుకోండి, అది వేరే సంగతి.

అలాగని పాతవాళ్ళ ఆలోచన మొత్తం కొట్టి పారేయను. బయటిదేదో కడుపులో బిడ్డకి హాని చేస్తుందన్న అనుమానం సరైనదే. పెద్ద పెద్ద డాక్టర్లు మాత్రం మాయ అన్నీ వడగట్టేస్తుందని చాలాకాలం ధీమాగా ఉన్నారు. 1941లో సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ పుట్టుకతోనే శుక్లాలున్న 78 మంది పిల్లల వివరాలు పోగేశాడు. వాళ్ళలో 68 మంది తల్లులకి గర్భంతో ఉండగా రుబెల్లా వచ్చింది. ఆయన తల్లుల్ని తప్పు పట్టలేదు, వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. (డీబగ్గింగ్ అంటే ఇదీ.) 2017లో మన బళ్ళల్లో పిల్లలకి వేసిన ఎంఆర్ టీకాలో 'ఆర్' ఆ రుబెల్లానే. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడోమైడ్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1961లో ఆపేలోపు పదివేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా లేకుండా పుట్టారు.

మరి మొర్రికి కారణం? చాలా కేసుల్లో ఒక్కటని చెప్పలేం. జన్యువులు, పొగతాగడం, అదుపులో లేని షుగరు, కొన్ని ఫిట్స్ మందులు... (ఇది చదివి ఫిట్స్ మందులు సొంతంగా మానేయకండి, డాక్టరుని అడిగి మార్చుకోవాలి.)

ఇక పాలమూరుకి సొంతమైన ప్రమాదం ఆకాశంలో లేదు, కల్లు కాంపౌండులో ఉంది. తాటిచెట్టుతో సంబంధం లేని కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం కలుపుతారు. కూలికెళ్ళి ఒళ్ళు హూనమైన ఆడవాళ్ళూ తాగుతారు. సారా అయినా కల్లు అయినా ఆల్కహాల్ బిడ్డదాకా పోతుంది. దానివల్ల పిల్లల్లో వచ్చే మార్పుల్ని ఫ్రాన్సులో లెమోయిన్ 1968లో, అమెరికాలో జోన్స్, స్మిత్ 1973లో రాశారు. ఎదుగుదల తక్కువ, బుద్ధిమాంద్యం, పలచటి పై పెదవి, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి చదునుగా ఉండటం. మళ్ళీ పెదవే చూడండి! కానీ దీనికి మనవాళ్ళు 'కల్లు మొర్రి' లాంటి పేరేదీ పెట్టలేదు. నిద్రమందులకి కడుపులోనే అలవాటుపడ్డ బిడ్డ పుట్టాక వణుకుతుంది, సరిగ్గా పాలు తాగదు.

2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో అది ఒక్కసారిగా దొరకక, అలవాటుపడ్డవాళ్ళు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకి క్యూ కట్టారు. కొందరు చనిపోయారు. అందుకే రోజూ ఈ కల్లు తాగే గర్భిణిని "రేపట్నుంచి మానెయ్" అని గదమాయిస్తే సరిపోదు, డాక్టరు దగ్గరుండి మాన్పించాలి.