పెన్సిల్‌తో చుట్టిన ఒగ్గు కథ

మన జనగామ దిక్కు ఒగ్గు కథ అంటే ముందుగాల యాదికొచ్చే పేరు మాణిక్యాపురం చుక్క సత్తయ్య. 2017లో ఆయన కన్నుమూసిండు. ఆ కథ చెప్పేటోళ్లు ఊరూరా ఉండేది. వాళ్ల గొంతులు ఎక్కడ మిగిలినయ్?

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్ తెచ్చింది. సీ-90 అంటే రెండు దిక్కులు కలిపి గంటన్నర. తెల్లారేదాకా సాగే మల్లన్న కథకు ఐదారు క్యాసెట్లు కావాలె. రీలు చిక్కు పడితే పెన్సిల్ పెట్టి చుట్టేటోళ్లం. గొంతు మందంగా వస్తే దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిచేటోళ్లం. రోగం కంటికి కనబడేది, మందు మన చేతిల ఉండేది.

తర్వాత గోరంత మెమరీ కార్డు వచ్చింది. మా ఊరి పెద్దాయన చెప్పిన కథను దాంట్లకు ఎక్కించి, క్యాసెట్లు పారేసిన. ఓ రోజు ఫోన్ 'ఫార్మాట్ చేయాలా' అని అడిగితే అవునన్న. కథ పోయింది. ఆ కార్డుల మళ్ల సినిమా పాటలు నింపిన. అసలు తప్పు అదే. ఫార్మాట్ చేసినా, దాని మీద కొత్తది ఎక్కించకుంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు తిరిగి వస్తది. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ పెద్దాయన కూడా ఇప్పుడు లేడు.

మీ అటక మీద పాత క్యాసెట్లుంటే దించున్రి. టేపురికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల రికార్డు చేయున్రి. రెండు చోట్ల దాచున్రి. క్యాసెట్ మాత్రం పారేయకున్రి.