పెద్దన్నలు తిరిగొచ్చిన ఇల్లు

ఉస్మానియాల ఇంజినీరింగ్ అయిపోయినంక 1969ల నేను అమెరికాల ఓహాయోకు పోయిన. బిడ్డా, మీ నాయన అప్పటికింకా పుట్టలే. పోయిన మరుసటేడు మే 4 నాడు కెంట్ స్టేట్ యూనివర్సిటీల, వియత్నాం యుద్ధం వద్దని పిల్లలు జమైన కాడ, నేషనల్ గార్డోళ్లు తుపాకులు పేల్చిన్రు. నలుగురు పిల్లలు సచ్చిపోయిన్రు. రాష్ట్రంల కాలేజీలు ఒకటెన్క ఒకటి మూతబడ్డయి.

ఆ కాలపు పోరగాండ్లకు ఫ్రటర్నిటీ, అంటే అన్నదమ్ముల్లెక్క ఒక్కింట్ల ఉండే కాలేజీ పిల్లల సంఘం, గిట్టకపోయేది. టై కట్టుకొని బంతిల కూసునుడు, దొంగచాటు ప్రమాణాలు, గ్రీకు అక్షరాల బిళ్ల, ఇవన్నీ తమ తండ్రుల కాలం నాటివి అనుకునేటోళ్లు. ఓహాయో అంటే ఎన్నో ఫ్రటర్నిటీలకు పుట్టినిల్లు. ఆక్స్‌ఫర్డ్ అని ఒక చిన్న ఊరున్నది, ఆడి మయామి యూనివర్సిటీలనే 1839ల బీటా థీటా పై, 1848ల ఫై డెల్టా థీటా, 1855ల సిగ్మా కై పుట్టినయి. అసొంటి రాష్ట్రంల గుడ ఫ్రటర్నిటీ ఇండ్లు బోసిపోయినయి.

నాకు కొలువు దొరికిన కాలేజీల ఒక పద్ధతి ఉండె. ఒక్కో చాప్టర్‌కు, అంటే ఫ్రటర్నిటీ శాఖకు, ఒక్కో లెక్చరర్ సలహాదారు. నాకొచ్చిన ఇల్లు మూడంతస్తుల ఇటుక ఇల్లు, నలభై మంది ఉండేటందుకు కట్టింది. నేను పోయేసరికి అండ్ల తొమ్మిది మంది. మెట్ల పక్కన గోడకు ఏడాదికొక ఫ్రేము, అండ్ల ఆ ఏటి పిల్లల ఫొటోలు, కింద పేర్లు. కింది మెట్టు కాడ ఫ్రేములు నిండుగుండేవి. పైకి ఎక్కుతుంటే మొకాలు తగ్గుకుంట పోయేవి. పైన ఆఖరి ఫ్రేముల మొకాల కంటే ఖాళీ జాగనే ఎక్కువుండె.

ఒక ఇల్లు ఎట్ల కూలుతదో నేను ఆడనే చూసిన. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఖర్చు నలుగురున్నా అంతే, నలభై మందున్నా అంతే. మంది తగ్గినకొద్దీ తలా ఇచ్చే చందా పెరుగుతది. చందా పెరిగితే కొత్తోళ్లు రారు. కానీ అసలు రోగం పైసలు గాదు. కాలేజీల నాలుగేండ్లంటే ఒక తరం. ఒక బ్యాచి తన ఎనక వచ్చేటోళ్లకు నేర్పకుంట ఎల్లిపోయిందనుకో, ఆ తర్వాత లెక్కలు ఎట్ల రాయాల్నో, కొత్త పిల్లలను ఎట్ల పిలవాల్నో తెలిసినోడు ఆ ఇంట్ల ఎవ్వడు మిగలడు. పిల్లలు మంచోళ్లే, వాళ్లకు ఎవ్వరు చెప్పలే. పాత విద్యార్థులంటే ఆ ఇంటి యాది బిడ్డా. వాళ్లు రాకపోతే ఇల్లు తనను తానే మర్చిపోతది.

చార్టర్, అంటే చాప్టర్ నడిపే హక్కు, ఎనక్కి తీసుకుంటమని ఫ్రటర్నిటీ పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చినంక పాతోళ్లు కదిలిన్రు. ముందుగాల చెక్కులొచ్చినయి. ఇంటికి కొత్త కప్పు పడ్డది. మల్ల చలికాలం వచ్చేసరికి అవే తొమ్మిది మొకాలు, అదే బాకీ. చెక్కు కప్పు కాడికే పని చేస్తది.

మంటల ఆ కట్టె జర లోపటికి తొయ్యి.

తర్వాత ఒకాయన వచ్చిండు. టైర్ల ఊరు ఆక్రన్‌ల ఫ్యాక్టరీ లెక్కలు చూసేటోడు. నడీడు మనిషి, మాట తక్కువ. మంగళారం మంగళారం పని దిగంగనే కారేసుకొని వచ్చేటోడు. ఉపన్యాసం లేదు, మా కాలంల అనుడు లేదు. ట్రెజరర్ పిల్లగాన్ని పిలిచి, "బిల్లులెక్కడున్నయి?" అన్నడు. వాడు చెప్పుల డబ్బా పట్టుకొచ్చిండు. మూత తీస్తే గ్యాసు బిల్లులు, పాల బిల్లులు, ఇప్పని కవర్లు, వంటామె జీతం చీటీలు అన్నీ కలిసిపోయి ఉన్నయి. ఇద్దరు భోజనాల బల్ల మీద తారీఖుల వారీగ పరిచిన్రు. పిల్లగాడు పుస్తకం ఆయన దిక్కు జరిపేటోడు, ఆయన మల్ల పిల్లగాని దిక్కే జరిపేటోడు. పెన్సిలు ఒక్కసారన్న ఆయన పట్టంగ నేను చూడలే. తప్పు కూడితే, "మల్ల కూడు" అనేటోడంతే. గట్లనే గంటలు గంటలు కూసునేటోడు. నాకు ఎందరో గొప్ప మాస్టర్లు తెల్సు గని, అంత ఓపిక నేనెక్కడ చూడలే.

ఆయనను చూసి ఇంకొందరొచ్చిన్రు. ఇన్సూరెన్స్ అమ్మేటాయన ఒకడు రష్, అంటే కొత్తోళ్లను చేర్చుకునుడు, ఎట్ల చెయ్యాల్నో నేర్పిండు. గోడలకు కాగితాలు అతికించుడు బంద్ చేయించిండు. కొత్త పిల్లలు హాస్టల్‌కు పెట్టెలు మోసుకొచ్చే రోజు మీరు పోయి ఒక చెయ్యి వెయ్యిండ్రి, పేరు అడిగి యాది పెట్టుకోండ్రి, దావత్‌కు గాదు, మామూలు రాత్రి బువ్వకు పిలవండ్రి అన్నడు. సిగ్గుపడే పిల్లలు గుడ పెట్టె మొయ్యగలరు గద! గట్ల వచ్చినోళ్లే నిలిచిన్రు.

పాతోళ్లందరు ఒక్క తీరుగుండరు. ఒక పెద్దమనిషి, బాగా ఉన్నోడు, మీటింగ్‌ల లేచి, బాయిలర్ మొత్తం నేనే పెట్టిస్త, హెల్ వీక్ మల్ల పెట్టుండ్రి అన్నడు. హెల్ వీక్ అంటే చేరిన కొత్త పిల్లలను వారం దినాలు నిద్ర లేకుంట సతాయించుడు. మేము పడ్డం, వీళ్లు పడాలె, గట్లయితేనే అన్నదమ్ములైతరు అని ఆయన వాదన. గదంతా చప్పుడు లేదు. బాయిలర్ నిజంగనే పోయేటట్టున్నది. ఆక్రన్ ఆయన లేచి, "మీ పైసలు మీ కాడనే ఉండనియ్యిండ్రి" అన్నడు. చేరినోళ్లల్ల సగం మంది ఆ వారంలనే ఎల్లిపోయేటోళ్లని ఆయన పాత రిజిస్టర్లు చూసి పట్టుకున్నడు. ఆ పేర్లు చదివి వినిపించిండు. పిల్లలు ఓటేసిన్రు, హెల్ వీక్ పోయింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంటికాడ మా హాస్టల్‌ల ర్యాగింగ్‌కు భయపడి చదువిడిసిపెట్టి ఊరికి పోయినోన్ని నేను ఎరుగుదు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్‌ల ర్యాగింగ్ మీద చట్టం 1997 దాంక రానే రాలే.

నాలుగైదేండ్లకు బల్ల నిండింది. 1978ల 'యానిమల్ హౌస్' సినిమా వచ్చినంక దేశమంతా ఫ్రటర్నిటీలకు మంది ఎగబడ్డరు, తాగుడు గుడ పెరిగింది. ఆ గాలి మా ఇంటికి గుడ తగిలింది. అప్పటికి చెప్పుల డబ్బా పిల్లగాడు చదువై, కొలువుల చేరి, తానే వారం వారం వచ్చి కొత్త ట్రెజరర్ పక్కన కూసుంటుండె గనుక ఇల్లు నిలిచింది.

ఇగ మీ ఫ్రటర్నిటీ ముచ్చటకొస్త. 1965ల అమెరికా వలస చట్టం మారినంక మనోళ్లు వచ్చిన్రు. వాళ్ల పిల్లలు కాలేజీకి ఎదిగేసరికి తొంభైలు. వాళ్లే సొంతంగ ఫ్రటర్నిటీలు మొదలుపెట్టుకున్నరు: 1994ల బింగమ్టన్‌ల ఐయోటా న్యూ డెల్టా, 1996ల పెన్సిల్వేనియా యూనివర్సిటీల సిగ్మా బీటా రో, 1998ల ఆస్టిన్‌ల డెల్టా ఎప్సిలాన్ సై. వాళ్లకు ఇటుక ఇల్లు లేదు, పిలిస్తే వచ్చేటి ముసలోళ్లు లేరు. అన్నీ వాళ్లే తంటాలు పడి నేర్చుకున్నరు. ఆ మొదటోళ్లకు ఇప్పుడు యాభై దగ్గరికొచ్చింది, పిల్లలున్నరు, పెద్ద కొలువులున్నయి. మీ చాప్టర్‌ల ఏడుగురే మిగిలిన్రని దిగులు పడుతున్నవు గని, మీకు ముందటోళ్లు ఎందరున్నరో ఎప్పుడన్న లెక్కపెట్టినవా?

వాళ్లకు రాసేటప్పుడు చందా అడగకు. చందా అడిగితే చందానే వస్తది, మనిషి రాడు. మీ ఊరికి దగ్గరున్నోళ్లను ఏరు. ఒకరిని ట్రెజరర్‌కు, ఒకరిని రష్ చూసేటోనికి పెట్టు. నెలకు రెండు సార్లు, గంట సేపు, కారుల వచ్చి పోయేటంత దూరంల ఉన్నోళ్లు కావాలె. ఫోన్‌ల మాట్లాడుడు మంచిదే, కానీ బిల్లులు బల్ల మీద పరిచేటప్పుడు మనిషి పక్కన ఉండాలె. ఎవడన్న వచ్చి, మా కాలంల కొత్తోళ్లను ఎట్ల ఏడిపించేటోళ్లమో అని మొదలుపెడితే, చాయ పోసి, దండం పెట్టి పంపించు. వాడు ఎంత పెద్ద కొలువుల ఉన్నా సరే.

మీ ట్రెజరర్ ఎవరు? వాని లెక్కలు ఎక్కడ రాసిపెట్టిండో నీకు తెల్సా?