ప్రోగ్రాము భాషలలోని నియమాలు ఎట్లు పుట్టినవి?

కంప్యూటరు చేయవలసిన పనిని దానికి వివరించి చెప్పే వ్రాతను ప్రోగ్రాము అంటారు. ఆ వ్రాత కొరకు సి, పైథాన్ మొదలైన భాషలు ఏర్పడినవి. వీటిని కొత్తగా నేర్చుకొనే విద్యార్థికి మొదటి వారంలోనే కొన్ని సందేహాలు కలుగుతవి. "క = క + 1" అనే సమీకరణానికి సాధనయే లేదని లెక్కల పాఠంలో విన్నాము కదా, కంప్యూటరు పాఠంలో అదే వాక్యం సరియైనది ఎట్లయినది? వరుసలో మొదటి వస్తువుకు 1 గాక 0 అనే సంఖ్య ఎందుకు? 7ను 2తో భాగిస్తే 3 ఎట్లు వచ్చినది? "అది అంతే, గుర్తుపెట్టుకో" అనే సమాధానం వింటే విద్యార్థి ఊరకుంటాడు. కాని ఈ విద్య తన బుద్ధికి అందేది కాదని లోలోపల నిశ్చయించుకొంటాడు. ఇంటి దగ్గర అడిగి తెలుసుకొనేందుకు ఎవరూ లేని పల్లె విద్యార్థికి ఈ నష్టం మరింత ఎక్కువ. నిజానికి ఇవి తెలివైన ప్రశ్నలు. ఒక్కొక్క నియమాన్నీ ఎవరో ఒకరు, ఏదో ఒక కాలంలో, ఒక కారణం చేత ఏర్పరచినారు. ఆ కారణం తెలిస్తే నియమం దానంతట అదే గుర్తుంటుంది.

ఈ చరిత్రను మగ్గంతో మొదలుపెట్టవచ్చును. కథలాపూరు విద్యార్థికి మగ్గం కొత్త వస్తువు కాదు. వేములవాడ దాటి పోతే సిరిసిల్ల వస్తుంది; అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. బట్టలో నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. పేక దారం ఒకసారి పోయే ముందు ప్రతి పడుగు దారమూ పైకి లేవవలె, లేదా కింద ఉండవలె. మూడవ స్థితి లేదు. కంప్యూటరు లోపలి 1, 0 అనే రెండు గుర్తులూ ఇట్టివే. ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరవాసి జకార్డు 1804 ప్రాంతంలో ఈ పనికి చిల్లులు పొడిచిన అట్టలను వాడినాడు. చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలన్నిటినీ గొలుసువలె కుట్టి, కడపటిదానిని మొదటిదానితో కలిపితే అదే పువ్వు చీర పొడవునా మళ్ళీ మళ్ళీ పడుతుంది. ప్రోగ్రాములో "లూపు" అనేది ఈ అట్టల గొలుసు వంటిదే.

అయితే మగ్గమే మొదటి కంప్యూటరని చెప్పుట సరికాదు. మగ్గం తాను నేసినదానిని చూచి తరువాతి అడుగు నిర్ణయించుకోలేదు. "ఫలితం ఇట్లుంటే ఇది చేయుము, లేకున్న అది చేయుము" అనే శక్తి దానికి లేదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1834 నుండి ఊహించిన గణనయంత్రంలో జకార్డు అట్టలతోపాటు ఈ శక్తి కూడా చేరినది. ఆ యంత్రాన్ని గురించి 1843లో వ్యాఖ్యలు ప్రకటించిన ఆడా లవ్‌లేస్, కొన్ని అట్టలను వెనుకకు త్రిప్పి మరల వాడే పద్ధతిని వివరించినది. యంత్రం మాత్రం పూర్తి కాలేదు.

నేటి భాషలలో "ఇఫ్" అని వ్రాసే షరతు మొదట ఇంత తేటగా లేదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బ్యాకస్ బృందం 1957లో వెలువరించిన ఫోర్‌ట్రాన్ భాషలో, ఒక సంఖ్య సున్నకంటె తక్కువా, సున్నయా, ఎక్కువా అని చూచి మూడు దారులలో ఒకదానికి మళ్ళించేవారు. ఇది చిక్కుగా ఉన్నదని భావించిన జాన్ మెకార్తీ, "అయితే ఇది, కాకుంటే అది" అనే రూపాన్ని ప్రతిపాదించి, 1958లో తాను ప్రారంభించిన లిస్ప్ భాషలో ప్రవేశపెట్టినాడు. అల్గాల్ 60 కూడా దానిని స్వీకరించినది. ఈ మెకార్తీ వద్దనే స్టాన్‌ఫర్డులో పరిశోధించి 1966లో డాక్టరేటు పొందినవాడు, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డి. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమని పేరొందిన ట్యూరింగ్ బహుమానం ఆయనకు 1994లో లభించినది. పల్లెలో పుట్టుట ఈ విద్యకు అడ్డంకి కాదనుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక "క = క + 1" సంగతి. సమానత్వానికి రెండు గీతల గుర్తును రాబర్టు రికార్డు అనే వైద్యుడు 1557లో తన గణిత గ్రంథంలో ప్రవేశపెట్టినాడు. సరిగా నాలుగువందల ఏండ్లకు ఫోర్‌ట్రాన్ ఆ గుర్తునే వేరొక అర్థంలో వాడినది: కుడివైపు లెక్క కట్టి, ఫలితాన్ని ఎడమవైపు పేరు గల గదిలో ఉంచుము. క అనే గదిలో 5 ఉంటే, 5కు 1 కలిపి 6ను ఆ గదిలోనే ఉంచుమని భావం. కనుక ఇది ఆజ్ఞ, గణితంలోనిది ప్రకటన. ఇద్దరు ఉపాధ్యాయులు చెప్పినదీ నిజమే. ఈ భేదం కనిపించవలెనని అల్గాల్ నిర్మాతలు ఆజ్ఞకు := అనే జంట గుర్తును ఎన్నుకొన్నారు. బెల్ ప్రయోగశాలలలో కెన్ టాంప్సన్ చేసిన బి భాషలోను, డెన్నిస్ రిచీ 1972 నాటికి రూపొందించిన సి భాషలోను ఆజ్ఞకు =, సమానమా అని అడుగుటకు == నిలిచినవి. ఎక్కువగా వ్రాసేదానికి చిన్న గుర్తు ఉండుట మేలని వారి వాదం. ఆ పొదుపువలన ఒక గీతల జత మరచి పొరపడే కష్టం మాత్రం నేటికీ విద్యార్థులకు తప్పలేదు.

లెక్క సున్నతో మొదలగుటకు కారణం దూరం. కంప్యూటరులో ఒక వరుసలోని విలువలు పక్కపక్క గదులలో ఉంటవి. యంత్రానికి తెలిసినది మొదటి గది చిరునామా మాత్రమే. అక్కడినుండి ఎన్ని గదులు దాటవలెనో సంఖ్య చెపుతుంది. మొదటి గదికి ఏమీ దాటనక్కరలేదు గనుక దాని సంఖ్య 0. బాట పక్క కిలోమీటరు రాళ్ళు కూడ బయలుదేరిన చోట సున్నతోనే మొదలౌతవి. కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ 1967 నాటికి చేసిన బి.సి.పి.ఎల్. భాషనుండి ఈ పద్ధతి బి ద్వారా సి భాషకు వచ్చినది. ఫోర్‌ట్రాన్‌లో మాత్రం లెక్క 1తోనే మొదలైనది. ఎందుకనగా దానిని గణిత సూత్రాలు వ్రాసేవారికై చేసినారు. కాబట్టి 1 నుండి లెక్కించవలెనని తోచుట తప్పు కాదు.

ఏడింటిని ఇద్దరికి పంచుట చూతము. ఏడు మేకలను ఇద్దరు అన్నదమ్ములు పంచుకొంటే ఒక్కొక్కరికి మూడు వచ్చి ఒకటి మిగులుతుంది. ఏడు క్వింటాళ్ళ పసుపును పంచుకొంటే ఒక్కొక్కరికి మూడున్నర. కంప్యూటరు కూడ ఈ రెండు జాతుల సంఖ్యలను వేరువేరుగా దాచుకొంటుంది. 7, 2 అని పూర్ణాంకాలు ఇస్తే సి భాష మేకల లెక్క వేసి 3 అంటుంది. పైథాన్ కూడ మొదట ఇట్లే చేసినది. కొత్తవారు పొరపడుచున్నారని గ్రహించి, 2008లో వెలువడిన పైథాన్ 3లో పద్ధతిని మార్చినారు: 7 / 2 అంటే 3.5, 7 // 2 అంటే 3. నేర్చుకొనేవారి ప్రశ్నకు ఒక భాషయే మారిపోయినది!

మాటలన్నీ ఇంగ్లీషువే ఎందుకని కొందరు అడుగుతారు. ఈ భాషలలో పెక్కు అమెరికా, ఇంగ్లండులలో పుట్టుటయే దానికి కారణం; యంత్రానికి ఏ భాష అయినా ఒకటే. సోవియట్ దేశంలో 1985లో పాఠశాలలలో ఈ పాఠం ప్రవేశపెట్టినప్పుడు, యెర్షోవ్ రష్యన్ మాటలతోనే ఒక బోధనభాషను వాడినాడు. మన లిపికి 1991లో యూనికోడ్‌లో స్థానం లభించినది. పైథాన్ 3లో పేర్లను తెలుగు లిపిలో వ్రాయవచ్చును. ముందుగా క = 5 అని చెప్పి, తరువాత క = క + 1 అని తెలుగులోనే వ్రాస్తే యంత్రం స్వీకరిస్తుంది; ఆజ్ఞల మాటలు మాత్రం ఇంగ్లీషువే.

ఇట్లు చూస్తే నియమాలు మూడు విధాలు. కొన్ని యంత్రపు స్వభావంనుండి వచ్చినవి: పూర్ణాంకాల భాగహారం, సున్న అట్టివి. కొన్ని వ్రాసేవారి సౌకర్యం కొరకు చేసుకొన్నవి: = అనే గుర్తు అట్టిది. మరికొన్ని పుట్టిన ఊరి అలవాట్లు: ఇంగ్లీషు మాటలు అట్టివి. విద్యార్థి "ఎందుకు?" అని అడిగినప్పుడు, అది ఈ మూడింటిలో ఏ జాతిదో ఉపాధ్యాయుడు చెప్పగలిగితే చాలును. మొదటి జాతిని అర్థం చేసుకొనవలె, రెండవదానిని అలవరచుకొనవలె. మూడవదానిని మార్చుటకు రేపు ఈ విద్యార్థులే పూనుకొనవచ్చును.