కానిస్టేబుల్ రాతపరీక్ష: అరవై మార్కులు గడప మాత్రమే

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో 13వ నియమం గురించి మన సభల్లో తక్కువగా మాట్లాడుకుంటాం. పోలీసు శాఖలో అన్ని స్థాయిల్లో, ముఖ్యంగా పోలీసు స్టేషన్ స్థాయిలో, ఎస్సీ, ఎస్టీలకు తగినంత ప్రాతినిధ్యం ఉండేలా చూడాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని అది చెబుతుంది. ఫిర్యాదు పట్టుకుని వెళ్లిన మనిషికి స్టేషన్ గుమ్మంలో మొదట ఎదురయ్యేది కానిస్టేబులే. కూర్చోమనేదీ, బయట నిలబెట్టేదీ అతనే. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో, మడ్డువలస ప్రాజెక్టు మిగులు భూమి తగాదాలో ఐదుగురు దళితులను చంపారు. అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు బొబ్బిలి ఉన్న విజయనగరం జిల్లాలోనే ఉంది. ఈ నియమం ఎందుకు అవసరమో ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ ప్రాతినిధ్యం దక్కాలంటే మన పిల్లలు రాతపరీక్ష దాటాలి. బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ పరీక్షకు సిద్ధపడేవారికి, వారికి తోడుగా నిలిచే సంఘాలకు అవసరమైన విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

పరీక్ష ఎలా ఉంటుంది

నియామకాలు జరిపేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి. 2022 నవంబరు 28న ఇచ్చిన నోటిఫికేషన్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులున్నాయి. వాటిలో 3,580 సివిల్, 2,520 ఏపీఎస్పీ. సివిల్ పోస్టులకు స్త్రీలు, పురుషులు అర్హులు. ఏపీఎస్పీ పోస్టులు పురుషులకు మాత్రమే. విద్యార్హత ఇంటర్మీడియట్. ఎస్సీ, ఎస్టీలు పది పాసై, ఇంటర్ రెండేళ్ల పరీక్షలూ రాసి ఉంటే చాలు. ఇంటర్ తప్పానని ఇంట్లో కూర్చున్న పిల్లలు చాలామందికి ఈ సంగతి తెలియదు. దరఖాస్తు రుసుము ఇతరులకు 300 రూపాయలైతే ఎస్సీ, ఎస్టీలకు 150.

మెట్లు మూడు. మొదటిది ప్రిలిమినరీ: 200 ప్రశ్నలు, 200 మార్కులు, మూడు గంటలు. రెండోది దేహదారుఢ్య పరీక్షలు. మూడోది తుది రాతపరీక్ష. ప్రిలిమినరీ మార్కులు తుది జాబితాలో కలవవు. సివిల్ పోస్టులకు ఎంపిక పూర్తిగా తుది పరీక్షలోని 200 మార్కుల మీదే ఉంటుంది. పరుగులు, లాంగ్ జంప్ నెగ్గితే చాలు, వాటికి మార్కులుండవు. ఏపీఎస్పీకి రాతపరీక్షకు 100, దేహదారుఢ్యానికి 100. పరుగులో దిట్టలైన పిల్లలకు ఏపీఎస్పీ కలిసొస్తుంది. సివిల్ కోరుకునేవారిని గట్టెక్కించేది పుస్తకమే.

30 శాతం దగ్గర ఆగితే

రాతపరీక్షలో అర్హత మార్కులు ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 30. అంటే మనకు 200కి 60. ఇది చూసి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2023 జనవరి 22న ప్రిలిమినరీ రాసినవారు నాలుగున్నర లక్షలకు పైనే. గట్టెక్కినవారు దాదాపు 95 వేలు. ఐదుగురిలో నలుగురు గడప దగ్గరే ఆగిపోయారు. గడప దాటినవారికి కూడా ఆ 60 మార్కులు ఉద్యోగం ఇవ్వవు. ఆ తర్వాత పోటీ కటాఫ్‌తో.

ఇక్కడ ఒక చట్టపరమైన విషయం గుర్తుంచుకోవాలి. ఓపెన్ పోస్టులు ఏ ఒక్క కులానికీ కేటాయించినవి కావు. ఓపెన్ కటాఫ్ దాటిన ఎస్సీ అభ్యర్థిని ఓపెన్‌లోనే లెక్కించాలని 1992లో ఇందిరా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో అదే సూత్రాన్ని మహిళల కోటాకూ వర్తింపజేసింది. అది ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాల మీద వచ్చిన కేసే. ఓపెన్ మహిళల కోటా అన్ని కులాల మహిళలదీ అని తేల్చింది. కాబట్టి మన లక్ష్యం ఓపెన్ కటాఫ్ కావాలి. ఒకరు ఓపెన్‌లో నెగ్గితే రిజర్వుడు సీటు మరొకరికి మిగులుతుంది.

మార్కులు ఎక్కడున్నాయి

ఇంగ్లిషు, అర్థమెటిక్, రీజనింగ్, జనరల్ సైన్స్, చరిత్ర, సంస్కృతి, జాతీయోద్యమం, భూగోళం, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, వర్తమాన అంశాలు: ఇదీ సిలబస్. ఒక్కో ప్రశ్నకు దొరికేది 54 సెకన్లు. తెలిసిన లెక్కకే రెండు నిమిషాలు పడితే కింద తెలిసిన నాలుగు ప్రశ్నలు చేజారతాయి. అందుకే గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చేయాలి. నోట్సు చదవడం వేరు, మూడు గంటలు కదలకుండా కూర్చుని రాయడం వేరు.

అర్థమెటిక్, రీజనింగ్ రోజూ చేయాల్సినవి. శాతాలు, నిష్పత్తి, సరాసరి, కాలం–పని, కాలం–దూరం అధ్యాయాలను ఆరు నుంచి పదో తరగతి పుస్తకాల్లోంచే మొదలుపెట్టవచ్చు. మైదానంలో చేసేదాన్నే లెక్కగా మార్చుకోండి. సివిల్ పురుషులకు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. వేగమెంత? గంటకు 12 కిలోమీటర్లు. మహిళలకు అదే దూరం పదిన్నర నిమిషాలు. వాళ్ల వేగం మీరు కట్టి చూడండి.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిషు భాగాన్ని వదిలేస్తుంటారు. మిగతా ప్రశ్నలు తెలుగులో ఉంటాయి, ఇది ఉండదు. రోజుకు అరగంట కాలాలు, ప్రిపొజిషన్లు, వ్యతిరేక పదాలు చేస్తే ఇందులో సగం మార్కులైనా చేతికొస్తాయి.

చరిత్ర, రాజ్యాంగం మన ఉద్యమానికి దగ్గరి సబ్జెక్టులు. 1927 మహద్ సత్యాగ్రహం, 1932 పూనా ఒప్పందం, అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణ, నియామకాల్లో రిజర్వేషన్లకు ఆధారమైన 16(4), ఎస్సీ కమిషన్‌కు చెందిన 338, స్థానికత గురించిన 371–డి: ఇవన్నీ ప్రశ్నలుగా రాదగినవే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత కూడా చూసుకోవాలి. అంబేద్కర్ జయంతికి ఉపన్యాసాలతో పాటు వీటి మీద క్విజ్ పెడితే అదే ఒక తరగతి అవుతుంది.

కాగితాలు ముందే చూసుకోండి

కులం, స్థానికత, పుట్టిన తేదీ కలిపి తహసీల్దారు ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్‌లో కులం పేరు సరిగ్గా పడిందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్డినెన్సుతో రాష్ట్రంలో ఎస్సీల 15 శాతం మూడు భాగాలైంది: రెల్లి వర్గాలకు 1, మాదిగ వర్గాలకు 6.5, మాల వర్గాలకు 7.5 శాతం. రెల్లి, దండాసి, బవురి కులాలు ఎక్కువగా ఉన్నది మన ఉత్తరాంధ్రలోనే. సర్టిఫికెట్‌లో కులం పేరు తప్పు పడితే ఏ గ్రూపులో లెక్కిస్తారన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

సివిల్ పోస్టుల్లో 80 శాతం జిల్లా స్థానికులకు. స్థానికత తేలేది చదివిన బడిని బట్టి కాబట్టి నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవాలి. పనుల కోసం విశాఖకో, హైదరాబాదుకో వలస వెళ్లి అక్కడ చదివించిన తల్లిదండ్రులు ఈ విషయం ముందుగా సరిచూసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది కేసుల విషయంలో. ఊళ్లో అట్రాసిటీ కేసు పెడితే అవతలి వాళ్లు పెట్టే కౌంటర్ కేసులో కాలేజీ కుర్రాడి పేరు కూడా చేర్చడం మామూలే. ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో ఆ కేసును దాచిపెడితే ఉద్యోగమే పోవచ్చు. కేసు వివరాలు నిజాయితీగా చెప్పాలని, చెప్పినప్పుడు అధికారులు దాని స్వభావాన్ని, తీవ్రతను చూసి నిర్ణయించాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కేసు ఉన్నవారు వకీలును కలిసి ఎఫ్ఐఆర్, తీర్పు నకళ్లు తెచ్చుకుని, ఆ తర్వాతే ఫారం నింపాలి.

ఎదురుచూపు ఖరీదు

2023 జనవరిలో ప్రిలిమినరీ రాసినవారికి దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. తుది పరీక్ష 2025 జూన్ 1న. నోటిఫికేషన్ నుంచి తుది పరీక్షకు రెండున్నరేళ్లు. జరుగుబాటు ఉన్న ఇంట్లో పిల్లలు ఆ కాలమంతా కోచింగ్‌లో కూర్చోగలరు. గ్రోత్ సెంటర్‌లో షిఫ్టుకు వెళ్లే కుర్రాడు, నాట్లకు వెళ్లే అమ్మాయి పుస్తకం మూసేస్తారు. తుది పరీక్ష నాటికి ఇద్దరి మధ్యా తేడా తెచ్చేది తెలివి కాదు, ఈ రెండున్నరేళ్లే.

సంఘాలు చేయగలిగింది ఇక్కడే ఉంది. వాడలోని కమ్యూనిటీ హాలులో సాయంత్రం రెండు గంటలు లైటు వెలగనివ్వాలి. పది మంది కలిసి ఒకే సెట్టు పుస్తకాలు కొనుక్కోవాలి. ఆదివారం మూడు గంటల మాదిరి పరీక్ష, సోమవారం తప్పుల మీద చర్చ పెట్టాలి. ఇదివరకు ఎంపికైన కానిస్టేబుళ్లు సెలవుకు ఊరొచ్చినప్పుడు ఒక పూట అడగాలి. పరీక్ష తర్వాత మండలి విడుదల చేసే ‘కీ’లో తప్పుంటే గడువులోగా అభ్యంతరం పంపించాలి. ఒక్క మార్కుతో జాబితా మారిపోతుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. రాని రోజుల్లో ఆ లైటు ఆరిపోకుండా చూడాలి.