నాచారం, ఉప్పల్ లోహపు పనివారి గుండె: లెక్కకు రాని సీసం

హైదరాబాద్‌లో లోహాల విషాన్ని శోధించిన వాళ్లు పనివాడి గుండెను పట్టించుకోలేదన్నదే ఈ వ్యాసం రాయించిన ఫిర్యాదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కాటేదాన్, బాలానగర్, పటాన్‌చెరు మట్టిని పరీక్షించారు. మనుషుల దాకా వెళ్లింది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ(ఐఐసీటీ)కు చెందిన పరమ్‌జీత్ గ్రోవర్ బృందం. సీసం పనివారిలో (2003), క్రోమియం, నికెల్ పొగ పీల్చే వెల్డర్లలో (2004) డీఎన్‌ఏ దెబ్బతింటోందని కామెట్ పరీక్షతో చూపింది. విలువైన పనే. కానీ ఆ చూపు జన్యువు దగ్గరే ఆగింది. సీసానికీ రక్తపోటుకూ ఉన్న ముడి అప్పటికే తెలిసిన సంగతి. దాన్నే అసలు ప్రశ్న చేసుకుని ఉంటే ఇరవై ఏళ్ల కిందటే మన లెక్క మనకు ఉండేది.

నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల పక్కవీధుల్లో పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ముందు కాసేపు నిలబడితే చాలు. పెట్టె పగలగొట్టి, యాసిడ్ ఒంపేసి, ప్లేట్లు లాగి ఓ మూల పోస్తారు. ఆరిన ప్లేట్ల నుంచి రాలే బూడిదరంగు పొడి గోళ్ల సందుల్లో, చొక్కా మడతల్లో చేరుతుంది. చేతులు లుంగీకి తుడుచుకుని అక్కడే టిఫిను డబ్బా మూత తీస్తారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, కాబట్టి దాన్ని కరిగించడానికి పెద్ద కొలిమితో పని లేదు.

ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లోని సీసంలో 90 శాతం పైగా అక్కడే ఉంటుంది, దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. రక్తంలో ఉన్నది మాత్రం నెల రోజుల్లో సగమవుతుంది. అందుకే పని మానేసిన మనిషికి రక్తపరీక్ష చేసి ‘బాగానే ఉంది’ అనడం మోసపోవడమే. సీసం వల్ల నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి రక్తనాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతిని బీపీ ఇంకా పెరుగుతుంది. 2018లో ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’లో లాన్‌ఫియర్ బృందం 14,289 మంది అమెరికన్ల వివరాలు పరిశీలించింది. డెసిలీటరు రక్తంలో సీసం 1 మైక్రోగ్రాము ఉన్నవారికంటే 6.7 ఉన్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాల ముప్పు 70 శాతం ఎక్కువని తేల్చింది. వీళ్లు మామూలు జనం, బ్యాటరీ పనివాళ్లు కారు! 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సీసం, క్యాడ్మియం, ఆర్సెనిక్‌లను గుండెజబ్బు ముప్పు కారకాలుగా ప్రకటించింది.

బీడీ, మందు, షుగరు కూడా కారణాలేనన్నది నిజమే, బీడీ పొగలోనూ క్యాడ్మియం ఉంటుంది. అయినా లోహపు పనిలో ఏళ్లు గడిపిన వాడికి గుండెపోటు వస్తే మొదట వృత్తి వ్యాధిగానే చూడాలి, కాదని నిరూపించే భారం యజమానిదే కావాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోని వ్యాధుల జాబితాలో సీసపు విషం మొదటి పేరుగా ఉండేది, గుండెజబ్బు ఊసే ఉండేది కాదు. గుండెజబ్బును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చేదాకా ఈఎస్ఐ వైద్యులకు ఒక్కటే మనవి: ఛాతీనొప్పితో వచ్చిన మనిషి కేసు షీట్లో ‘కూలీ’ అని రాసి వదిలేయకండి, ఏ లోహంతో ఎన్నేళ్లు పని చేశాడో అడిగి రాయండి.