అద్దె లేని చావడి

నేడు పెక్కు నగరములలో కంపెనీలు తమ సభాశాలలను, వ్రాతబల్లలను స్థానిక సేవాసమాజములకు అద్దె లేకయే యిచ్చుచున్నవి. మెచ్చదగిన పనియే. కాని చోటిచ్చినవారిని కొనియాడు తీర్మానముతోపాటు, అది యెన్నాళ్లకో వ్రాయించుకొన్న సమాజము లెన్ని? ఈ ప్రశ్నకు లండను చరిత్రలో ఒక ఘట్టము కలదు.

సర్ తామస్ గ్రెషాము అను వర్తకుడు తాను కట్టించిన రాయల్ ఎక్స్చేంజి ఆదాయమును నగరపాలక సంఘమునకును, మెర్సర్సు అను వస్త్రవర్తకుల కంపెనీకిని అప్పగించి, తన భవనమున ఉచితోపన్యాసములు జరిపింపుడని మరణశాసనము వ్రాసెను. 1597లో తెరచిన ఆ గ్రెషాము కళాశాలయందే, 1660 నవంబరు 28వ తేదీని, క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసము ముగిసిన పిమ్మట పన్నెండుగురు కూడి రాయల్ సొసైటీకి పునాది వేసిరి. ప్రవేశమునకు 10 షిల్లింగులు, వారమునకు 1 షిల్లింగు చందా. అంతటి చందాతో ఇల్లు కొన శక్యమా? శాస్త్రపరీక్షలన్నియు పరుల కప్పు క్రిందనే సాగినవి.

1666లో మహాగ్ని ఎక్స్చేంజిని దహించెను. కళాశాల మాత్రము మిగిలెను. నిలువ నీడ లేని నగరాధికారులును వర్తకులును అచటికే చేరిరి. సొసైటీ లేచిపోవలసివచ్చెను. ఆచార్యుడగుటచే రాబర్టు హుక్కు మాత్రము తన గదులలోనే యుండెను. వర్తకులను మేము నిందింపజాలము: ఇల్లు వారి యధీనము, ఆపదయు వారిదే. 1667లో హెన్రీ హోవర్డు తన అరండెల్ భవనమున చోటిచ్చెను. దాత మారెనేగాని స్థితి మారలేదు. 1673లో మరల గ్రెషామునకే వచ్చిరి.

తుదకు 1710లో, న్యూటను అధ్యక్షుడుగా నుండగా, క్రేన్ కోర్టులో సొంత యిల్లు కొనిరి. తొలి కూటమునకు ఏబదియేండ్ల పిమ్మట.