పట్టణపు దాహము, మన్యపు నీరు

జనులు గుంపుగూడి నివసించుట నేటి వింత కాదు. ప్రాచీన రోమునగరమున పదిలక్షలమంది యుండిరని చరిత్రకారుల యంచనా. ఆ నగరమునకు దూరపుకొండల నుండి నీరు తెచ్చుటకై కాలక్రమమున 11 కాలువలు కట్టబడెను. నగరమెంత పెద్దదైనను దాని ప్రాణము కోటగోడలకు వెలుపలనే యుండును. మన విశాఖపట్టణపు చరిత్రయు నిట్టిదే.

1901 జనాభా లెక్కలనాడు విశాఖలో సుమారు 41 వేలమంది యుండిరి. 1933లో నౌకాశ్రయము తెరవబడెను. 1951 నాటికి జనసంఖ్య లక్ష దాటెను. 2011 నాటికి 17 లక్షలు మించెను.

పట్టణమును తిట్టుట పల్లెవారికి వాడుక. నేను తిట్టను, మొదట లెక్క చూతము. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినపుడు దాని వైశాల్యము 12,251 చదరపు కిలోమీటర్లు; 2011 లెక్కలనుబట్టి జనులు సుమారు 9.54 లక్షలు. అనగా చదరపు కిలోమీటరునకు 78 మంది. విశాఖవాసులందరును మనవలె విడివిడిగా నివసింపదలచినచో 22 వేల చదరపు కిలోమీటర్లు కావలెను. అది ఉమ్మడి విశాఖజిల్లాకు దాదాపు రెండింతలు! ఇక అడవి మిగులునా? కావున జనులు దట్టముగా నుండుటవలన నేల కలిసివచ్చుచున్నది.

కొండమీద మాత్రము కొద్దిమంది పెరిగినను బరువే. నేను పాడేరు ప్రాంతమున ఉపాధ్యాయుడనై యుండగా వృద్ధులు పోడు సంగతి చెప్పెడివారు. చెట్లు నఱికి కాల్చి, సామలు, చోళ్లు, కందులు రెండుమూడేండ్లు పండించి, ఆ నేలను పదేండ్లకు పైగా విడిచెడివారట. అడవి మరల మొలిచెడిది. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో అడవులకు హద్దులు పడెను. పిదప జనమును పెరిగెను. ఉన్న చెక్కలోనే తిరుగవలసివచ్చి, విడుపు మూడునాలుగేండ్లకు దిగెను. నేల కోసుకొనిపోయెను, ఊటలు సన్నగిల్లెను. పోడుచేయువానినే దోషియనుట న్యాయము కాదని నా తలంపు.

ఆ ఊటలే పట్టణమునకును ఆధారము. బొర్రాగుహల మీదుగా పాఱు గోస్తనికి 1960ల దశకమున తాటిపూడి జలాశయము కట్టిరి. ఆ నీరు విశాఖ త్రాగుచున్నది. శారదానదిపై రైవాడ నీటిని పట్టణమునకు మళ్ళింపగా ఆయకట్టు రైతులు చిరకాలము మొఱపెట్టుకొనిరి. అదియు చాలక ఏలేరునీటిని 150 కిలోమీటర్లకు మించిన కాలువద్వారా తెచ్చిరి. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు వెలుగుటకు ముందు జలాపుట్ ఆనకట్టక్రింద ఎన్నో గిరిజనగ్రామములు మునిగెను. ఆ వెలుగు మైదానపు పట్టణములకు ముందు చేరినది. కొండగూడెములకు మిక్కిలి ఆలస్యముగా చేరినది.

పట్టణవాసి తన కుళాయినీటికి పన్ను కట్టుచున్నాడు. అందు కొంతపాలు ఊటలున్న గూడెములకు చేరవలెనని నేననుచున్నాను. అది దానము కాదు, కూలి. చెట్లనీడను కాఫీ పెంచి పోడు తగ్గించిన కుటుంబములు పాడేరు చుట్టును వేలకొలది కలవు. ఆ నీడచెట్లు కొండమన్నును పట్టియుంచుచున్నవి. తాటిపూడిలో పూడిక పడకుండుటకు విశాఖవారు చేయదగిన మొదటి ఖర్చు ఆ చెట్లమీదనే.